బరాత్ కారు మీద తేలు బొమ్మ

2023 ఫిబ్రవరి 12, ఆదివారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా అల్లుడు మా కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "దీన్ని స్పోర్ట్స్ చేద్దాం అత్తమ్మా" అన్నాడు. నేను కోరుట్లలో మా ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. ఏదైనా చెడు మొదలయ్యేటప్పుడు గడియారం చూసుకోవడం నాకు అలవాటు. చూసుకోకపోతే తర్వాత ఎవరికి వారు దాన్ని తమ సౌకర్యం కొద్దీ ముందుకో వెనక్కో జరుపుకుంటారు.

"స్పోర్ట్స్ అంటే ఏందిరా?" అని అడిగాను. అతడు నా తమ్ముడి కొడుకు. పుట్టినప్పుడు కాళ్ల మీద పండబెట్టుకుని నీళ్లు పోసింది నేనే. అల్లుడైనాడని కొత్తగా మర్యాదలు మొదలుపెట్టలేదు.

"ఇటలీల గీ కారుకు స్పోర్ట్స్ వర్షన్ ఉన్నదత్తమ్మా. చేసినోళ్లే చేసిన్రు. చూస్తే ఇంటిల్లిపాది కూసుండే కారే, తొక్కితే రేసు కారు. దాని మీద తేలు బొమ్మ ఉంటది. దుబాయిల మా సేటు దగ్గర ఒకటుండె. నేనే కడిగేటోన్ని."

"కడిగినవా, నడిపినవా?"

"కడిగిన."

"మరి తొక్కితే ఏమైతదో నీకెట్ల ఎరుక?"

ఫోను నా ముక్కు దగ్గర పెట్టి ఒక వీడియో చూపించాడు. ఎర్రచారల చిన్న కారు ఒకటి కొండదారిలో గుక్కపట్టి ఏడుస్తూ మలుపులు తిరుగుతోంది. లోపల ఒక్కడే ఉన్నాడు, నెత్తిన హెల్మెట్. మా ఊళ్లో మోటారుసైకిలు మీద పెట్టుకోమంటేనే పోలీసులతో పంచాయితీ పెట్టుకుంటారు. కారులో కూర్చుని హెల్మెట్ పెట్టుకునేవాడు తన డ్రైవింగు గురించి తనకే నమ్మకం లేదని ఒప్పుకుంటున్నట్టు. ఆ మాటే అన్నాను.

"నీకు తెల్వదత్తమ్మా" అన్నాడు. దుబాయి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడున్న ముసలివాళ్లతో ఎక్కువసార్లు అనే మాట అదే.

మా కారు ఇటలీవాళ్ల నమూనాలో బొంబాయిలో తయారైన పాత కారు. నాలుగు తలుపులు, గుండ్రటి లైట్లు, ముందర ముగ్గురు సర్దుకుని కూర్చునే పొడుగాటి సీటు, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ, పాలమీగడ రంగు. రైసుమిల్లు షావుకారు ఒకాయన హైదరాబాదుకు మారుతూ అమ్మితే 1984లో మా ఆయన కొన్నాడు. ఆయన పోయిన తర్వాత కారును అమ్మెయ్యమని చెప్పనివాళ్లు లేరు. నేను అమ్మలేదు. దానికొక పని ఉంది, ఆ పని దానికి వచ్చినంత బాగా మరో బండికి రాదు.

ఆ పని బరాత్. మా వైపు పెండ్లయ్యాక పిల్లనూ పిల్లగాణ్నీ కారులో కూర్చోబెట్టి ఊరేగించుకుంటూ ఇంటికి తెచ్చుకుంటారు. ముందు డీజే బండి, దాని వెనక ఆడేవాళ్లు, వాళ్ల వెనక కారు. కిలోమీటరు దూరానికి రెండు గంటలు పడుతుంది. మేనమామ ఆడుతుంటే కారు తొందరపడకూడదు, పెద్దత్తకు పూనకం వచ్చినట్టు ఊపు వస్తే ఆమెను తోసుకుంటూ పోకూడదు. మా కారును మొదటి గేరులో వదిలేస్తే, యాక్సిలేటరు మీద కాలు పెట్టకుండానే, నిండు నెలల మనిషి నడిచినట్టు తనంతట తాను నడిచేది. ఆగదు, ఎగరదు. లోపల కూర్చున్న పెండ్లికూతురి తలంబ్రాల బియ్యం కూడా కదలవు. కోరుట్లలో, జగిత్యాలలో, సిరిసిల్లలో ముహూర్తం పెట్టుకోకముందే మా కారు ఖాళీ ఉందా అని అడిగేవాళ్లు ఉండేవారు.

దాన్ని ఏళ్ల తరబడి నడిపిన ముసలి డ్రైవరు కాలం చేశాడు. మరుసటి ఏడాది, 2022 నవంబరులో, అల్లుడు దుబాయి నుంచి వచ్చాడు. నా బిడ్డకూ అతనికీ పెండ్లయి అప్పటికి పద్నాలుగేళ్లు. వచ్చిన సెలవులన్నీ కూడితే ఇద్దరూ ఒక ఇంట్లో ఉన్నది ఇరవై ఆరు నెలలు. వాళ్ల పదేళ్ల కూతురు తండ్రి ఎదురుగా ఉన్నా ఫోనులో మాట్లాడినట్టు గట్టిగా అరిచి మాట్లాడేది.

ఆ నవంబరులోనే నా బిడ్డ నా దగ్గర కూర్చుని, "అమ్మా, ఈసారి ఆయన పోవద్దు. కారు ఆయన చేతుల పెట్టు. చేతుల పని ఉంటే ఉంటడు, లేకుంటే మళ్ల ఏజెంటు దిక్కు చూస్తడు" అంది. పెట్టాను. కారు నడిస్తే మనిషి ఇంట్లో ఉంటాడు. ఇంతకన్నా పెద్ద లెక్క ఆ ఏడాది మా ఇంట్లో లేదు.

మూడు నెలలు బాగానే నడిపాడు. పెద్ద నైపుణ్యం అక్కర్లేదు కదా, కాలు పక్కన పెట్టుకుని కూర్చోవడమే. కానీ అతని దోస్తులు కొందరు, దుబాయి నుంచీ మస్కట్ నుంచీ వచ్చి పొద్దుగూకేదాకా బస్టాండు దగ్గర టీ తాగేవాళ్లు, ఇతన్ని చూసి నవ్వారట. "ఏంరా, నీ కారు కన్న బర్రెలు జల్ది పోతున్నయి" అన్నారట. అంతే. రోజూ టీ కొట్టు దగ్గరే ఉండేవాళ్లు నెమ్మదితనం గురించి వెక్కిరిస్తే, దాన్ని మనసుకు పట్టించుకున్న మొగవాడు మా అల్లుడు.

నేను వద్దన్నాను. నా బిడ్డ మధ్యలోకి వచ్చింది.

"కానియ్యమ్మా. గింత ఇష్టపడి అడుగుతున్నడు. కారు మీద మనసైతే మనిషి ఇండ్లనే ఉంటడు."

"ఏమన్న చేసుకో. నడక మాత్రం పోవద్దు" అని అతనికి చెప్పాను.

"నడక ఎందుకు పోతదత్తమ్మా? పరుగు కూడ వస్తది" అన్నాడు.

మార్చి మొదటివారంలో కారును జగిత్యాల తీసుకుపోయి ఒక గ్యారేజీలో పెట్టాడు. ఇరవై రోజులు గడిచినా తిరిగి రాలేదు. నేను బస్సెక్కి పోయాను. షెడ్డు బయట మా కారు ముందు సీటు గోడకు ఆనించి ఉంది. దాని మీద ఒక కుక్క పడుకుంది. లోపల కారుకు ముందర రెండు విడివిడి కుర్చీలు బిగించారు. మనిషిని పక్కల నుంచి అదిమిపట్టే కుర్చీలు. వాటిని బకెట్ సీట్లంటారట. కారు నేలకు చేరువగా కూర్చుంది, తిన్నది అరగని మనిషిలా. స్టీరింగ్ పక్కన ఉండే గేరు కడ్డీ నేలలోకి దిగింది. వెనక సీటు మీదుగా అడ్డంగా ఒక ఇనుప పైపు.

"గిదెందుకు?" అని మెకానిక్కును అడిగాను. ముప్పై ఏళ్ల పిల్లవాడు, జుట్టుకు ముందరివైపు మాత్రం బంగారు రంగు.

"కారు పల్టీ కొడితే కాపాడతది పెద్దమ్మా."

"బరాత్‌ల కారు పల్టీ ఎట్ల కొడతది బిడ్డా?"

"సేఫ్టీ పెద్దమ్మా సేఫ్టీ. ఇంక ఇది చూడు. ఇంజను ఎనుక బరువు చక్రం ఉండె కద, గది తీసేసి అలకటిది ఏసినం. క్లచ్చు కూడ రేసుది. ఇగ జర కాలు తాకిచ్చిన్రంటే దునుకుతది."

"దునకవద్దు. నడవాలె."

"నడుసుడు ఏ కారైన నడుస్తది పెద్దమ్మా" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

నాకు అర్థమైనంతవరకు స్పోర్ట్స్ వర్షన్ అంటే ఇది: ఇంటిల్లిపాది కూర్చునే కారును ఇద్దరికి కుదించడం, మెత్తగా ఉన్నదాన్ని గట్టిగా చేయడం, చప్పుడు లేనిదానికి చప్పుడు పెట్టడం, ఆ పైన చారలు గీయడం. ఇటలీవాళ్లు ఏ అవసరం కొద్దీ చేసుకున్నారో నాకు తెలియదు. వాళ్ల కొండదారులు, వాళ్ల పందేలు. మనవాళ్లకు పందెం లేదు, దారీ లేదు. కోరుట్ల బస్టాండు నుంచి మా ఇంటిదాకా ఐదు స్పీడు బ్రేకర్లు ఉన్నాయి.

ఏప్రిల్ 8న కారు ఇంటికి వచ్చింది. ఆ ఐదింటికీ పొట్ట రాసుకుంటూనే వచ్చింది. పాలమీగడ రంగు పోయి మసిగుడ్డ నలుపు. నడుమున రెండు ఎర్రచారలు. బానెట్ మీద అరచెయ్యంత తేలు, కొండి పైకెత్తి. సైలెన్సరు చప్పుడుకు పక్కింటి బర్రె తాడు తెంపుకుని చింతచెట్ల దాకా పోయింది. వీధిలో పిల్లలూ పెద్దలూ ఫోన్లు పట్టుకుని మూగారు. మా ఊళ్లో పనిలేనివాళ్లు ఎంతమందో నాకు ఆ పూట తెలిసింది.

"ఎక్కి చూడు" అన్నాడు అల్లుడు నా బిడ్డతో. ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని వంగింది, ఇంకా వంగింది, ఆఖరికి ఒక చెయ్యి నేలకు ఆనించి లోపల పడింది.

"ఎట్లున్నది?"

"బాయిల దిగినట్టున్నది" అంది లోపల్నుంచి. తర్వాత అతని మొహం చూసి, "మంచిగనే ఉన్నది" అంది.

పూజకు కొండగట్టు గుడికి తీసుకుపోయారు. మా వైపు ఏ బండి కొన్నా అక్కడికి పోవాల్సిందే. అయ్యగారు కుంకుమ గిన్నెతో బానెట్ దగ్గరికి వచ్చి ఆగాడు. "దీని మీద బొట్టు పెట్టాల్నా?" అని అడిగాడు. ఆయన వివేకం కలవాడు. తేలును వదిలేసి అద్దానికి పెట్టాడు.

మే 10, బుధవారం, సిరిసిల్లలో బరాత్. పెండ్లివారు మగ్గాల ఆసామి కుటుంబం. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎనిమిది పవర్‌లూమ్ మగ్గాలు. జనవరిలో వేరే పెండ్లిలో మా కారును చూసి ఆయన అప్పుడే మాట తీసుకున్నాడు. ముందురోజు ఫోన్ చేశాడు.

"అక్కా, గా కారే కద?"

నేను నోరు తెరిచేలోగా అల్లుడు ఫోను తీసుకుని, "గదే కారు మామా. ఇంక మంచిగ చేసినం" అన్నాడు.

ఆసామి భార్య పిలిచినందుకు నేనూ బయలుదేరాను. కథలాపూర్ మీదుగా వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల. ఆ దారిలో కారు వేగంగానే పోయింది. అంతవరకు అబద్ధం చెప్పలేదు. వరికోత మిషన్లను, ఆర్టీసీ బస్సులను, మా ప్రాణాల మీది ఆశను ఒక్కొక్కటిగా దాటుకుంటూ పోయింది. అల్లుడు పాట అందుకున్నాడు. అంత సంతోషంగా అతన్ని నేను చూసి చాలా ఏళ్లయింది. కాకపోతే మాకు సాయంత్రం ఐదింటికి పని. మధ్యాహ్నం రెండుంబావుకే చేరి, షామియానా కింద మూడు గంటలు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం.

పూలు కట్టడానికి కారు ముందుకు తెచ్చినప్పుడు పెండ్లికొడుకు నాయనమ్మ బయటికి వచ్చింది. కళ్లు సరిగా కనిపించవు. దగ్గరికి వచ్చి బానెట్ తడిమి చూసింది.

"గిదేంది? తేలా?"

"స్పోర్ట్స్ నాయనమ్మా" అన్నాడు అల్లుడు.

"పెండ్లికారు మీద తేలేందిరా నీ పాడుగాను! నా ఇంటి కోడలు తేలు మీదెక్కి వస్తదా?"

వెనక నుంచి ఒక ఆడమనిషి, "ఊకో పెద్దమ్మా, తేలు అత్తనా కోడలా అనేది రేపటిసంది తెలుస్తది గద" అంది. అందరూ నవ్వారు. ముసలామె నవ్వలేదు. తేలు కనబడకుండా బంతిపూల దండ రెండు వరసలు కప్పించింది. తర్వాత నా వైపు తిరిగి, "మా ఇంట్ల ఒక పట్టింపు ఉన్నది. కారెక్కిన కోడలు గడప ముందర్నే దిగాలె. నడిమిట్ల కాలు కింద పెట్టద్దు. నీ కారని నమ్మిన" అంది.

ఐదుంబావుకు పెండ్లికూతురు కారెక్కింది. ఎక్కింది అనడం మర్యాద కోసం. ఇద్దరు వదినెలు ఆమెను మడతపెట్టి లోపల దోపారు. ఆ ఇనుప పైపుకు జడగంటలు తట్టుకుంటే విడిపించడానికి కొంతసేపు పట్టింది. డీజే మొదలైంది. అల్లుడు మొదటి గేరు వేసి కాలు తీశాడు. కారు ఆగిపోయింది.

మళ్లీ స్టార్టు చేశాడు. నాలుగడుగులు పోయి ఆగింది. కాలు తీస్తే ప్రాణం పోతుంది, తాకిస్తే దూకుతుంది. ఆ రెంటికీ మధ్య ఉండాల్సిన నడక దాని ఒంట్లో లేదు, ఆ బరువు చక్రంతోనే పోయింది. ఆగిపోకుండా ఉంచడానికి అతడు క్లచ్చు సగం నొక్కిపట్టి ఇంజనును అరిపించడం మొదలుపెట్టాడు. సైలెన్సరు నుంచి టపాకాయలు పేలినట్టు చప్పుడు. మొదట ఆడేవాళ్లు అది కూడా వేడుకలో భాగమనుకుని ఈలలు వేశారు. డీజే కుర్రవాడు మాత్రం వెనక్కి తిరిగి, "అన్నా, నువ్వన్న వాయించు, నేనన్న వాయిస్త" అని మైకులోనే అన్నాడు.

చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి రబ్బరు కాలుతున్న వాసన. బానెట్ సందుల్లోంచి ఆవిరి. బంతిపూల దండ వేడికి వాడి జారిపోయింది. తేలు మళ్లీ బయటపడింది. లోపలినుంచి పెండ్లికొడుకు, "మామా, జర తలుపు తియ్యున్రి, ఉడికిపోతున్నం" అని అరిచాడు. మేనమామ తలుపు తీయబోతే ముసలామె, "తియ్యద్దు! దించద్దు!" అని అడ్డం పడింది. ఆ గందరగోళంలో అల్లుడి కాలు ఎటు జారిందో, కారు ఒక్క దూకు దూకింది. ఆడేవాళ్లు రెండు వైపులకూ చెదిరిపోయారు. కారు ముక్కు డీజే బండిని గుద్దింది. పై స్పీకరు ఒకటి దొర్లి కింద పడింది. దేవుడి దయ, ఎవరి మీదా పడలేదు. పాట ఆగిపోయింది. కారు కూడా ఆగిపోయింది, ఈసారి శాశ్వతంగా.

నీళ్లు పోశారు, తోశారు, తిట్టారు. క్లచ్చు కాలిపోయిన కారును తోసుకుంటూ ఊరేగించడం ఏ ఇంటికీ గౌరవం కాదు. చివరికి ఆసామి తన మగ్గాలకు నూలు చుట్టిన బీములు తెచ్చే ట్రాలీ ఆటోను పిలిపించాడు. దాని మీద రెండు కుర్చీలు వేశారు. కారు తలుపు దగ్గర ఇంకో కుర్చీ పెట్టి, పెండ్లికూతుర్ని అందులోకి లాగి, నలుగురు అన్నదమ్ములు ఆ కుర్చీని ఎత్తి ఆటో మీదికి చేర్చారు. కాలు నేలకు తాకలేదు. తాకనివ్వనందుకు వాళ్లనే మెచ్చుకోవాలి, మమ్మల్ని కాదు. పెండ్లికొడుకు తనే ఎక్కాడు. స్పీకరు లేని బండి గరగరమంటూ పాడింది. బీముల ఆటో గంటన్నర సేపు నడిచింది, ఒక్కసారి ఆగలేదు. దాని మీద ఏ చారా లేదు.

అల్లుడు చౌరస్తాలో కారు పక్కన నిలబడ్డాడు. ముసలామె ఆటో వెనక నడుస్తూ నా ముందర ఒక క్షణం ఆగింది. "నీ కారని నమ్మిన అక్కా" అంది మళ్లీ. నాకన్నా పదేళ్లు పెద్ద మనిషి నన్ను అక్కా అనడం, తిట్టు కన్నా బరువుగా తగిలింది.

ఏప్రిల్‌లో ఫోన్లు పట్టుకుని మురిసినవాళ్లే ఆ వీడియోను పదిమందికి పంపారు. మేము కారును ట్రాక్టరుకు కట్టించుకుని ఇల్లు చేరేసరికి ఊరంతా చూసేసింది. టీ కొట్టు దోస్తులు, "దునికిందిరా నీ కారు!" అన్నారట. వారం తిరగకుండా మే, జూన్ నెలల బరాత్‌లు ఆరూ ఒకటొకటిగా పోయాయి. అందరూ మర్యాదగానే చెప్పారు. "పిల్లగాడు ఓపెన్ జీపు అడుగుతున్నడక్కా" అని ఒకరు, "బరాత్ పెట్టుకుంటలేమక్కా" అని ఒకరు. పెట్టుకుంటలేమన్న ఇంటి బరాత్ మా వీధిలోంచే పోయింది.

జగిత్యాల పోయి పాతవి మళ్లీ ఎప్పటిలాగే బిగించమని అడిగాను. "పాత సామాను తుక్కుల పోయింది పెద్దమ్మా. గవి ఇప్పుడు దొరకయి" అన్నాడు మెకానిక్కు. సీటు సంగతి అడిగాను. చాయ్ హోటలాయన బెంచీకి పట్టుకుపోయాడట. కొత్త క్లచ్చు వేసినా నడక రాదు కదా అంటే, "బరాత్‌లెందుకు పెద్దమ్మా, దీంతోని రీల్స్ చేసుకోవచ్చు" అని సలహా ఇచ్చాడు. ఆ సలహాకు డబ్బులు అడగలేదు. అతడు నాకు చేసిన ఒకే ఒక్క మేలు అది.

అల్లుడు కొన్నాళ్లు, "హైదరాబాదుల స్పోర్ట్స్ వర్షన్ అంటే ఎగబడి కొంటరు" అన్నాడు. ఒక్కడు వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, "ఇది ఒరిజినల్ కాదు కద" అన్నాడు. "మరి పాతదీ కాదు" అన్నాడు. రెండు మాటలూ నిజమే.

జూలైలో ఒక రోజు అన్నం దగ్గర అల్లుడు తల ఎత్తకుండా, "ఏజెంటు ఫోన్ చేసిండు" అన్నాడు.

"ఎన్నేండ్లు?" అంది నా బిడ్డ.

"రెండేండ్లు."

ఆమె అతనికి చారు పోసింది. అతడు చెయ్యి కడుక్కుని బయటికి పోయాక నా వైపు తిరిగి, "గట్టిగ తిట్టి ఆపకపోయినవా అమ్మా" అంది.

"తిట్టిన కద."

"ఇంక గట్టిగ."

"ఇటలీ దాక వినవడేటట్టు తిడితే వాళ్లన్న ఆపుదురేమో" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

అల్లుడు ఆగస్టు 21, సోమవారం వెళ్లిపోయాడు. ఈసారి పని కార్ల దగ్గర కాదు, కట్టడం పని.

పోయినవి ఇవి. కారు ఒకటి. దాని నడక. ముందర ముగ్గురు కూర్చునే సీటు. ఆ ఎండాకాలంలో ఆరు బరాత్‌లు, ఆ తర్వాత అన్నీ. సిరిసిల్లలో స్పీకరు ఒకటి, దానికి డబ్బు కట్టాం. ఆసామి ఇంట్లో మా మాట. నా బిడ్డకు మొగుడు, రెండేళ్లు. మనుమరాలికి తండ్రి, రెండేళ్లు. అవే రెండేళ్లు కదా అని కలిపి రాయకూడదు. ఇద్దరికీ విడివిడిగా పోయాయి.